వంత లేని వైపు: ఫొటో కెమెరాతో ఒగ్గు కథ తీసిన రోజు

నా దగ్గరున్నది పిట్టలను ఫొటో తీయడానికి కొన్న కెమెరా. దానికి వీడియో తీసే మీట కూడా ఉందని కొన్న రోజే దుకాణంలో చెప్పారు గానీ, రెండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని నొక్కిన పాపాన పోలేదు. కొంగ వాలితే ఒక ఫొటో, లేస్తే ఇంకో ఫొటో, అంతవరకే నా విద్య. అలాంటిదాన్ని 2013 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సూర్యాపేటలో బయలుదేరి, కోదాడ మీదుగా మిర్యాలగూడ దాకా తిరిగి, మధ్యలో ఒక ఒగ్గు కథ మొత్తాన్ని ఆ కెమెరాతోనే వీడియో తీశానంటే కారణం యాదమ్మ. నేను మిర్యాలగూడ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో ఆమె అక్కడ అటెండరు. సెలవు రోజున వాడపల్లి సంగమం దగ్గర నేను పిట్టల కోసం ఎండలో పడిగాపులు కాసి వస్తే, మర్నాడు నా నల్లబడ్డ ముఖం చూసి ఆ కొంగలు మీకేమన్నా జీతమిస్తున్నాయా అని ఆటపట్టించేది. నాకు సూర్యాపేట బదిలీ అయ్యాక కూడా అప్పుడప్పుడు ఫోన్ చేసేది.

జనవరి చివర్లో వచ్చిన ఫోన్‌లో ఆ అల్లరి లేదు. ఆమె భర్త లింగయ్య ఒగ్గు కథలో వంత పాడేవాడు. తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒగ్గు అంటే చేతిలో ఇమిడే చిన్న డమరుకం. దాన్ని వాయిస్తూ ఒకరు మల్లన్న కథో బీరప్ప కథో చెబుతారు. పక్కన డోలు, తాళాలు ఉంటాయి. కథకుడు నాలుగు మాటలు చెప్పి ప్రశ్నలాగా ఆపితే, దాన్ని అందుకుని జవాబు పాడేవాడే వంత. వంత అందకపోతే కథ ముందుకు సాగదు. కథకుడు యాదమ్మకు సొంత అన్న మల్లయ్య. గొర్రెల మంద వెంట తిరిగిన పిల్లప్పటి నుంచి ఆ బావా బామ్మర్దులది ఒకే జట్టు. కిందటి దసరా తర్వాత లింగయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏం కావాలన్నా 'ఆ... ఆ...' అనడం తప్ప ఇంకో శబ్దం లేదు. మాట పోయినా కొందరికి పాట మిగిలి ఉంటుందనీ, అలవాటైన పాటలు వినిపించి చూడమనీ డాక్టరు చెప్పాడట. సినిమా పాటలు పెట్టారు, భజనలు పెట్టారు, ఆయన కళ్ళు మూసుకున్నాడే తప్ప పెదవి కదపలేదు.

మీ అన్ననే పిలిచి పాడించలేకపోయావా అని అడిగాను. "మూడుసార్లు వచ్చిండు మేడమ్. మా అన్నను సూడంగనే ఈయన గోడ దిక్కు తిరుగుతడు. ఈయనను సూడంగనే మా అన్నకు ఏడుపొచ్చి గొంతు లేవదు. కథల నిలబడితెనే ఆయనకు గొంతు. మీ కెమెరాల వీడియో వస్తదా?" అంది. వస్తుందన్నాను. ఆ మాట అన్నాకే కెమెరా పుస్తకం వెతుక్కున్నాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు సూర్యాపేట బస్టాండులో కోదాడ వైపు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్టు నలభై లోపే, దారి గంట. హైవే వెడల్పు పనులు అప్పుడే ఒక కొలిక్కి వస్తున్నాయి గనుక అక్కడక్కడా బస్సు పక్కదారిలోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. కెమెరా సంచి ఒళ్ళో ఉంది, మూడు కాళ్ళ స్టాండు కాళ్ళ దగ్గర ఉంది. మునగాల దాటేదాకా పక్క సీటు పెద్దాయన ఆ స్టాండు వంకే చూసి, చివరికి ఉండబట్టలేక, మళ్ళా సర్వేనా, ఈసారి ఎన్ని ఇళ్ళు పోతాయి అని అడిగాడు. పాటలు తీయడానికి పోతున్నానంటే నమ్మలేదు. దిగేటప్పుడు కూడా, తన ఇల్లు రోడ్డుకు దూరమేనని నాకు రెండుసార్లు గుర్తు చేశాడు. స్టాండుతో ఈ రోడ్డు మీద ప్రయాణం చేసేవాళ్ళు ఇలాంటి ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి.

కోదాడ బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఇంకో మెమరీ కార్డు కొందామని ఫొటో స్టూడియోకు వెళ్ళాను. స్టూడియో ఆయన పెళ్ళిళ్ళు తీసి తీసి ఆరితేరినవాడు. కోదాడ దాకా వచ్చేసరికి మాట కొంచెం కృష్ణా జిల్లా వైపు మొగ్గుతుంది. "ఫొటో కెమెరాతో కథ మొత్తం తీస్తారాండీ? పన్నెండు నిమిషాలకోసారి దానంతటదే ఆగిపోద్ది. మీరు చూసుకోకపోతే ఆగిందని కూడా చెప్పదు" అన్నాడు. ఇంకా వేడెక్కుతుందట, మైకు డోలు చప్పుడుకి బెదిరి గొంతులను మింగేస్తుందట. ఇన్ని జబ్బులున్న సరుకును నేను రెండేళ్ళుగా ముద్దుగా మోస్తున్నానన్నమాట. ఎనిమిది వందలకు కార్డు కొని బయటికొచ్చేసరికి ఇడ్లీ తిన్న ధైర్యమంతా దిగిపోయింది.

మల్లయ్య జట్టు ఆ స్టూడియో పక్క సందులోనే ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉంది. మల్లయ్యకు అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, చెవులకు పోగులు, భుజం మీద గొంగడి. డోలు ఆయనా, తాళాల ఆయనా వెనక కూర్చున్నారు. కొత్త వంత సైదులు నలభై ఏళ్ళ నవ్వు ముఖం మనిషి. నన్ను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. మీరు వెళ్ళదలచుకుంటే కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్లకు బస్సులున్నాయి, గంటకు పైగా పడుతుంది. మేము వెళ్ళింది నేరేడుచర్లకు ఇవతల, కాలువ పక్కనున్న పల్లె. హుజూర్‌నగర్ దాటాక రెండు వైపులా యాసంగి నాట్లు, మధ్యలో రైసు మిల్లుల పొగ గొట్టాలు. దారిలో మల్లయ్య పెద్దగా మాట్లాడలేదు. చాయ్ కోసం ఆగిన చోట మాత్రం నా పక్కకొచ్చి, కెమెరా సంచి మీద చెయ్యి వేసి, "బావ ఇంటడా మేడమ్?" అని అడిగాడు. వింటాడనే చెప్పాను. యాదమ్మకు ఫోన్‌లో ఇచ్చినదాని తర్వాత నేనిచ్చిన రెండో భరోసా అది, మొదటిదానికి ఉన్నంత ఆధారం కూడా దీనికి లేదు.

కథ పెట్టుకున్నది గొర్రెలున్న ఒక పెద్ద కుటుంబం. వాకిట్లో పచ్చటి కొబ్బరాకుల పందిరి వేసి, నేల అలికి, మల్లన్న పట్నం వేస్తున్నారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండిన ఆకుల పొడి చేత్తో వదులుతూ నేల మీద దేవుడి కొలువును గీస్తారు. కథ అయ్యేదాకా దాన్ని ఎవరూ తొక్కకూడదు. పట్నానికి ముందు మల్లయ్య నిలబడతాడు. ఆయనకు ఒక పక్కన, నాకు కుడి వైపున, పందిరి గుంజకు అవతల డోలు, తాళాలు, సైదులు. ఇటు పక్క నేను. నా వెనక ఆడవాళ్ళు గోడ దాకా కిక్కిరిసి కూర్చున్నారు. వెనక్కి జరిగే జాగా లేదు, ముందుకు జరిగితే పట్నం. ఎంత తిప్పినా మల్లయ్య, పట్నం, సైదులు ఒకే చట్రంలోకి రావడం లేదు. చేసేదేమీ లేక పిట్టను తీసినట్టే తీద్దామనుకున్నాను. పిట్ట ఎటు చూస్తుంటే అటు కాస్త ఖాళీ వదలడం ఫొటోలో నాకు అలవాటు, లేకపోతే అది గోడకు ముక్కు గుద్దుకున్నట్టు ఉంటుంది. మల్లయ్యను ఒక పక్కన పెట్టి, ఆయన చూసే వైపు జాగా వదిలాను. కథకుడు వంత వైపే చూస్తాడు గనుక కుడి వైపు వదిలి, స్టాండు బిగించాను.

పదింటికి ఒగ్గు మోగింది. ఆటోలో ముడుచుకుని కూర్చున్న ఆ మల్లయ్య ఇక కనిపించలేదు. వెన్ను నిటారైంది, గొంతు వాకిలి దాటి కాలువ గట్టు దాకా పోయింది. నాలుగు మాటలు చెప్పి, "ఆడ ఏం జరిగింది తమ్మీ..." అని సాగదీసి పక్కకు తిరిగాడు. తిరిగింది నాకు ఎడమ వైపుకు. అక్కడ ఎవరూ లేరు. ఖాళీ నేల, దాని మీద పందిరి నీడ. సైదులు కుడి వైపు నుంచి, "చెప్పన్నో... ఇంటున్న" అని అందుకున్నాడు. మల్లయ్య ఆయన వైపు చూడకుండానే మళ్ళా కథలోకి వెళ్ళిపోయాడు. మొదటిసారి పొరపాటనుకున్నాను. పదోసారికి విసుగొచ్చింది. నేను జాగా వదిలింది ఒక వైపు, ఆయన తిరిగేది ఇంకో వైపు, చట్రం చివర ఆయన ముక్కు తెగిపోతోంది. ఈ లోపల వీడియో నడుస్తోందని చెప్పే ఎర్ర చుక్క ఆరిపోయి ఎంతసేపైందో, పన్నెండు నిమిషాల సంగతి మరిచిపోయి ఉత్త కెమెరాను గుడ్లప్పగించి చూస్తున్నాను.

డోలు వాళ్ళు ఆట మొదలుపెట్టి కథకుడికి కాస్త ఊపిరి దొరకగానే మల్లయ్య దగ్గరికి వెళ్ళి, సైదులు వైపు తిరగమని బతిమాలాను. సరే మేడమ్, ఇటే తిరుగుతా అన్నాడు, అది కూడా ఎడమ వైపు చెయ్యి చూపించి. సైదులు నవ్వాడు. "ఆయన తిరగడు మేడమ్. గాడ మా లింగయ్య మామ నిలబడేటోడు. నేనొచ్చి నాలుగు నెల్లాయె, ఒక్కపారి నా మొకం సూడలే. నాకైతే కోపం లేదు. ఆ జాగల నిలబడమని నన్ను ఆయన అననూ అనలే, నేను నిలబడనూ లేదు" అన్నాడు. కెమెరాను తిప్పి, ఖాళీని ఎడమ వైపుకు మార్చాను. దాంతో సైదులు పూర్తిగా చట్రం బయటికి పోయాడు. పోనీ గొంతైనా పడుతుందిలే అనుకున్నాను.

అప్పటి నుంచి డోలు ఆట వచ్చినప్పుడల్లా నేనే ఆపి, మళ్ళా మొదలుపెట్టడం నేర్చుకున్నాను. పన్నెండింటికల్లా కెమెరా తెర మీద వేడి గుర్తు వెలిగింది. నా పరేషాన్ చూసి వెనకున్న ఒక ముసలమ్మ సంగతేమిటని అడిగింది. దీనికి వేడి చేసిందన్నాను. ఆమె లేచి వచ్చి, తాటాకు విసనకర్రతో, ఉయ్యాలలో పిల్లకు విసిరినట్టు, కథ అయ్యేదాకా నా కెమెరాకు విసిరింది. పక్కనున్నవాళ్ళు మాకు కొంచెం గాలి రానియ్యమంటే, మీకు జ్వరమొచ్చిందా అని గదమాయించింది. ఆ పుణ్యాత్మురాలి వల్లే మిగతా కథంతా కార్డులోకి ఎక్కింది.

రెండింటికి పట్నం తొక్కడం అయిపోయి, భోజనాలు పెట్టారు. మటన్ పులుసు, అన్నం విస్తరిలో పెట్టుకుని గోడ నీడన కూర్చుని, ఇయర్‌ఫోన్లు తగిలించి మొదటి ముక్కలు చూశాను. మల్లయ్య గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఆయన ప్రశ్న వేసి ఎడమకు తిరిగి ఆగినప్పుడల్లా మాత్రం డోలు హోరులో సైదులు గొంతు కొట్టుకుపోయింది. స్టూడియో ఆయన చెప్పినట్టే మైకు మింగేసింది. ఇంకో ముక్క చూశాను, అదీ అంతే. వంత పాడేవాడి కోసం తీసిన వీడియోలో లేనిది వంతే. మనిషీ లేడు, గొంతూ లేదు, ఒక కథకుడు ఖాళీ జాగాను అడిగి, ఆగి, మళ్ళా చెప్పుకుపోతున్నాడు. మల్లయ్య వచ్చి బాగా పడిందా అని అడిగితే తల ఊపాను. ఆయన భుజం మీది గొంగడి సర్దుకుని, వచ్చే వారం మళ్ళా బావ దగ్గరికి పోయి చూస్తాలే అన్నాడు, నాకో తనకో తెలియనట్టుగా.

పల్లె నుంచి నేరేడుచర్లకు షేరాటో పదిహేను రూపాయలు, అక్కడి నుంచి మిర్యాలగూడ బస్సు ఇరవై చిల్లర. ఆదివారం సాయంత్రం బస్సులు తక్కువ గనుక మూడున్నరకల్లా రోడ్డు మీదికి రావడం మంచిది. దారంతా మనసు మనసులో లేదు. యాదమ్మకు ఏం చెప్పాలో అల్లుకోవడం, అల్లింది నచ్చక విప్పుకోవడం, ఇదే పని. మంచి మైకున్న మనిషిని ఇంకోసారి పంపుతానని చెబుదామని చివరికి తీర్మానించుకున్నాను. మిర్యాలగూడ దగ్గరపడేసరికి రైసు మిల్లుల ఉడికిన వడ్ల వాసన బస్సులోకి వచ్చింది. నాలుగేళ్ళు ఆ వాసనలోనే పాఠాలు చెప్పాను, ఎప్పుడు తగిలినా ఇంటికొచ్చినట్టే ఉంటుంది. ఆ రోజు అదీ అనిపించలేదు.

యాదమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. ముందు గదిలో కుర్చీలో లింగయ్య. బలిష్ఠమైన మనిషేనని భుజాలు చెబుతున్నాయి, కుడి చెయ్యి మాత్రం ఒళ్ళో ఎవరిదో వస్తువులా పడి ఉంది. నన్ను చూసి 'ఆ' అన్నాడు. వీడియో సరిగ్గా రాలేదని చెప్పడానికి నోరు తెరిచేలోపే యాదమ్మ టీవీ ముందున్న గుడ్డ తీసేసింది. ఇక తప్పలేదు. కెమెరా డబ్బాలో వచ్చిన వైరును టీవీకి తగిలించి మీట నొక్కాను. ఒగ్గు మోగింది. మల్లయ్య కనబడగానే లింగయ్య ముఖం గోడ వైపు తిరిగింది. యాదమ్మ నన్ను చూసింది. నాకు తలకొట్టేసినట్టయింది.

మొదటి ముక్క అలాగే అయిపోయింది. రెండోది పెట్టాను. మల్లయ్య మా వైపు నుంచి ఎడమకు తిరిగి, "ఆడ ఏం జరిగింది తమ్మీ..." అని ఖాళీ జాగాను అడిగి ఆగాడు. జవాబు రాలేదు. కథ సాగింది. మళ్ళా అడిగాడు, మళ్ళా ఎవరూ అందుకోలేదు. లింగయ్య ముఖం కొద్దికొద్దిగా టీవీ వైపు తిరగడం చూశాను. ఆయన చూస్తున్నది మల్లయ్యను కాదు, పక్కనున్న ఖాళీ నేలను. అక్కడ వంత ఎవరూ లేకపోవడం ఆయనకు ఓర్వరాని సంగతిలా ఉంది, నుదురు ముడిపడింది. ఎడమ చెయ్యి కుర్చీ మీద దరువు వేయడం మొదలైంది. మల్లయ్య మూడోసారి తిరిగి, తమ్మీ అని సాగదీసి ఆగాడు.

"చెప్పన్నో... ఇంటున్న..."

గొంతు బొంగురుగా, తుప్పు పట్టినట్టు వచ్చింది. మాటలు మాత్రం తప్పిపోలేదు. సరిగ్గా మల్లయ్య వదిలిన సందులో పడ్డాయి. టీవీలో మల్లయ్య ఆ జవాబు విన్నవాడిలాగే తల ఊపి కథలోకి వెళ్ళిపోయాడు. తర్వాతి ప్రశ్నకూ జవాబు వచ్చింది, ఆ తర్వాతిదానికీ. యాదమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. నా కళ్ళకు ఏమీ కనబడలేదు, ధారగా నీళ్ళు కారాయి, చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. సైదులు గొంతు మింగేసిన ఆ మైకుకు దండం పెట్టాలనిపించింది.

ముక్క అయిపోయి టీవీ నల్లబడింది. లింగయ్య యాదమ్మ వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు, 'ఆ... ఆ...' అన్నదే వచ్చింది. ఆ పాట మాయమై పాత రోజు మళ్ళా తిరిగొచ్చింది. ఆయన కళ్ళలో భయం నాకు తెలిసిపోయింది. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాను. కాసేపటికి గుమ్మంలో నిలబడి, అచ్చం అన్న గొంతు దించినట్టు, అదే సాగతీతతో పాడింది. "చాయ తాగుతవా తమ్మీ..."

లింగయ్య తటపటాయించాడు. ఎడమ చెయ్యి కుర్చీ మీద ఒక దెబ్బ వేసింది. "తాగుతన్నో..." అన్నాడు. అలవాటు మీద భార్యను అన్న అన్నాడని ముందు నవ్వింది యాదమ్మే. ఆ వెంటనే ఆయనా నవ్వాడు, ఒక పక్క పెదవితోనే అయినా నిండుగా. మాకందరికీ చాయ్ వచ్చింది. అందులో చక్కెర వేయడం ఆమె మరిచిపోయింది, మేమూ అడగలేదు.

ఆ రాత్రికి సూర్యాపేట బస్సు దొరికి ఇల్లు చేరాను. ఆ తర్వాతి ఆదివారం మల్లయ్య చెప్పినట్టే మిర్యాలగూడ వెళ్ళాడట. ఈసారి ఒగ్గు చేతిలో పట్టుకుని గుమ్మంలోంచే కథ ఎత్తుకున్నాడట, ఏడవడానికి సందు లేకుండా. ఇప్పుడు ఆ ఇంట్లో కావలసినవన్నీ పాటగానే నడుస్తున్నాయని యాదమ్మ ఫోన్ చేసి చెప్పింది. మందు వేసుకున్నావా తమ్మీ అంటే వేసుకున్నన్నో అంటాడు, ఉత్త మాటగా అడిగితే మాత్రం ఇంకా 'ఆ' అంటాడు. డాక్టరు ఇది మొదలే అన్నాడట. నాకు మాత్రం మొదలు అన్న మాట చాలా పెద్దగా వినబడింది. ఇన్నాళ్ళూ ఫొటోలో ఖాళీ వదలడం పిట్ట అందం కోసమనుకున్నాను. ఆ ఖాళీలోకి ఒక మనిషి మళ్ళీ వచ్చి నిలబడవచ్చని ఆ రోజు చూశాను.

ఫొటో కెమెరాతో ఇలాంటి కథ తీయడానికి వెళ్ళేవారికి నేను చెప్పగలిగిన చిట్కా ఒక్కటే. స్టాండు బిగించే ముందు జట్టులో ఎవరు ఏ వైపు నిలబడతారని అడగండి, ఇదివరకు ఎవరు నిలబడేవారని కూడా అడగండి. కథకుడు అటు తిరిగితే, అక్కడ ఎవరూ లేకపోయినా, ఆ జాగాను కత్తిరించకండి.